కేబుల్ లేకుండా కాలేజీ ఫుట్‌బాల్: మా ఇంటి యాంటెన్నా ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2025, మొదటి వారం

పని ఏమిటో ముందే రాసుకుంటున్నా. టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఫుట్‌బాల్ సీజన్ మొత్తం, 12 మ్యాచ్‌లూ, లైవ్‌గా డాలస్ దగ్గర మా ఫ్రిస్కో ఇంట్లో రావాలి. హాల్లో టీవీలోనూ రావాలి, పైన గదిలో టీవీలోనూ రావాలి. కేబుల్ కనెక్షన్ మాత్రం ఉండకూడదు. పెద్దమ్మాయి ఈ నెలే ఆస్టిన్‌లో యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, లాంగ్‌హార్న్స్ ఆ యూనివర్సిటీ జట్టే) చేరుతోంది, స్టూడెంట్ టికెట్లు కూడా తీసేసుకుంది, కాబట్టి ఇక శనివారం అంటే మాకు మ్యాచే. మా ఆయన విచిటా స్టేట్‌లో ఎమ్మెస్ చేశారు. అక్కడ ఫుట్‌బాల్ 1986లోనే ఎత్తేశారు, ఆయనకి కావలసిందల్లా చలికాలంలో ఆ యూనివర్సిటీ జట్టు షాకర్స్ బాస్కెట్‌బాల్. నాన్న ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు, ఆయన క్రికెట్‌కి విల్లో అనే క్రికెట్ చానల్ ఎలాగూ ఉంది, దాన్ని ముట్టుకోవట్లేదు.

కేబుల్ ఎందుకు వద్దంటే, చెప్పే రేటు ఒకటి, బిల్లులో పడేది ఇంకోటి. బాక్సు అద్దె, రీజనల్ స్పోర్ట్స్ ఫీజు, వీటన్నిటికీ మించి బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు. ఈ చివరిది దేనికంటే, గాల్లో ఉచితంగా వచ్చే ఏబీసీ, ఫాక్స్, సీబీఎస్, ఎన్బీసీ చానళ్ళని వైరు మీద మనింటికి చేర్చినందుకు. యాంటెన్నా పెట్టుకుంటే అదే చానల్, అదే మ్యాచ్, పైసా ఖర్చు లేదు. ఇంటర్నెట్ మీద వచ్చే లైవ్ టీవీ ప్యాకేజీలు కూడా ఇప్పుడు చవకేం కాదు. యూట్యూబ్ టీవీ 2017లో నెలకి 35 డాలర్లతో మొదలైంది, ఈ ఏడాది జనవరి నుంచి 82.99 అయింది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా లెక్కేస్తే 330 డాలర్లు దాటుతుంది, అందులో మేం చూసే చానళ్ళు మహా అయితే నాలుగు.

అందుకే చానళ్ళ జాబితా పక్కన పెట్టి, మ్యాచ్‌ల జాబితా ముందు పెట్టుకున్నా. చాలామంది "కాలేజీ స్పోర్ట్స్‌కి ఏ సర్వీసు మంచిది" అని అడుగుతుంటారు, ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. ఏ జట్టు, ఏ కాన్ఫరెన్స్ (అంటే కలిసి ఆడే కాలేజీల గుంపు), ఎవరి గ్రౌండ్‌లో అన్నదాన్ని బట్టే చానల్ మారుతుంది. టెక్సస్, ఓక్లహోమా 2024 జులై 1న ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌లోకి వచ్చాయి. ఎస్ఈసీ హక్కులన్నీ 2024 నుంచి ఏబీసీ, ఈఎస్పీఎన్ కుటుంబానివే. బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్ జట్టు సొంత గ్రౌండ్‌లో ఆడితే మాత్రం ఫాక్స్, సీబీఎస్, ఎన్బీసీల్లో ఒకటి, లేదా బిగ్ టెన్ నెట్‌వర్క్, పీకాక్ యాప్. మా మొదటి మ్యాచ్ ఆగస్టు 30న బిగ్ టెన్ జట్టయిన ఒహాయో స్టేట్ గ్రౌండ్‌లో, కాబట్టి ఫాక్స్. 2011 నుంచి యూటీకి సొంతంగా ఉన్న లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ 2024 జూన్‌లో మూతపడింది, పాత సలహాల్లో ఆ పేరు కనిపిస్తే దాటేయండి.

ఇంకో చిక్కు ఏమిటంటే సీజన్ మొదట్లో ఆడే కొన్ని మ్యాచ్‌లకే చానల్ ముందు చెబుతారు. మిగతావాటికి 12 రోజుల ముందో, ఒక్కోసారి 6 రోజుల ముందో చెబుతారు. కాబట్టి ఏడాది ప్లాన్ తీసుకోవడం దండగ, నెలనెలా చూసుకుని కట్టుకోవాలి.

ఆగస్టు రెండో వారం: యాంటెన్నా

డాలస్, ఫోర్ట్‌వర్త్ టీవీ స్టేషన్ల టవర్లన్నీ దాదాపు సీడర్ హిల్‌లోనే ఉన్నాయి. మా ఇంటి నుంచి దక్షిణంగా, కాస్త పడమటికి, 40 మైళ్ళ దరిదాపు. అన్నీ ఒకే దిక్కున ఉండటం పెద్ద అదృష్టం, యాంటెన్నాని ఒక్కసారి ఆ వైపు తిప్పి బిగిస్తే చాలు. రాబిట్‌ఇయర్స్ సైట్‌లో మన అడ్రస్ ఇస్తే ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో, ఏ దిక్కునుంచో, అసలు ఏ ఫ్రీక్వెన్సీ మీదో చూపిస్తుంది. కొనేముందు ఎవరైనా చెయ్యాల్సిన మొదటి పని ఇదే.

అక్కడే మా ప్రాజెక్టుకి అసలు కీలకం దొరికింది. ఫాక్స్ 4, ఎన్బీసీ 5, సీబీఎస్ 11 అన్నీ యూహెచ్ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) మీద వస్తాయి. టీవీలో కనిపించే నంబర్లకీ ఫ్రీక్వెన్సీకీ సంబంధం ఉండదు. ఏబీసీ ఒక్కటే, అంటే డబ్ల్యూఎఫ్ఏఏ అనే లోకల్ స్టేషన్, నిజంగానే 8వ చానల్ మీద, వీహెచ్ఎఫ్‌లో (తక్కువ ఫ్రీక్వెన్సీలో) ఉంది. మాకు అన్నిటికన్నా కావలసింది అదే. షాపుల్లో దొరికే పల్చటి, కాగితంలా గోడకి అంటించే యాంటెన్నాలు యూహెచ్ఎఫ్‌ని బాగానే పట్టుకుంటాయి, వీహెచ్ఎఫ్ దగ్గర నీరసపడతాయి. 8వ చానల్ 180 నుంచి 186 మెగాహెర్ట్జ్, దానికి సగం తరంగం పొడవు లెక్కేస్తే 32 అంగుళాల చిల్లర వస్తుంది. అంత పొడవు లోహం లేని యాంటెన్నా దాన్ని గట్టిగా అందుకోలేదు. డాలస్ చుట్టుపక్కల "అన్నీ వస్తున్నాయి, ఏబీసీ మాత్రం రావట్లేదు" అనే ఇళ్ళలో చాలావాటికి కారణం ఇదే. అందుకని యూహెచ్ఎఫ్ రింగులతో పాటు వీహెచ్ఎఫ్‌కి విడిగా పొడుగాటి కడ్డీ ఉన్న బయటి యాంటెన్నా తెప్పించా.

ట్యూనర్‌కి హెచ్‌డీహోమ్‌రన్ తీసుకున్నా. యాంటెన్నా కేబుల్ దానికి, అది రౌటర్‌కి, అంతే. ఇక ఇంట్లో ఏ టీవీలోనైనా ఫైర్ టీవీ స్టిక్‌లోనో యాపిల్ టీవీలోనో దాని యాప్ తెరిస్తే లోకల్ చానళ్ళు వచ్చేస్తాయి. గదిగదికీ కోయాక్స్ (యాంటెన్నా వైరు) లాగే బాధ లేదు, స్ప్లిటర్ పెట్టి సిగ్నల్ పోగొట్టుకునే పని లేదు. కొత్త ప్రసార పద్ధతి ఏటీఎస్సీ 3.0 మోడల్ కాకుండా పాత 1.0 మోడలే తీసుకున్నా, ఎందుకంటే కొత్త పద్ధతిలో కొన్ని స్టేషన్లు సిగ్నల్‌కి తాళం వేస్తున్నాయి, ఆ తాళం హెచ్‌డీహోమ్‌రన్ తియ్యలేదు. పాత సిగ్నల్‌కి ఆ గొడవ లేదు.

ఆగస్టు మూడో వారం: అటక, ఆ తర్వాత చూరు

ముందు అటక మీద పరీక్షించి చూశాం, వానా ఎండా తగలకుండా ఉంటుందని. అక్కడ సిగ్నల్ చాలా తక్కువ. మా పైకప్పు చెక్కలకి లోపలివైపు మెరిసే అల్యూమినియం రేకు అంటించి ఉంది, టెక్సస్ ఎండలకి కొత్త ఇళ్ళలో ఇది మామూలే. వేడిని వెనక్కి కొట్టే ఆ రేకే టీవీ సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటుంది. ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ వైపు కొత్త ఇల్లు కొన్నవాళ్ళు అటకలోకి ఒకసారి టార్చ్ వేసి చూడండి, కప్పు లోపలివైపు మెరుస్తుంటే అటక ఆలోచన మానెయ్యండి.

దాంతో బయట, వెనకవైపు చూరు కింద. ఇక్కడ అందరికీ ఒకటే టెన్షన్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు నోటీసు పంపిస్తారేమో అని. లోకల్ చానళ్ళ కోసం సొంత ఇంటి మీద పెట్టుకునే యాంటెన్నాని హెచ్‌ఓఏ నిషేధించడానికి వీల్లేదు, ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) 1996లోనే ఈ రూలు పెట్టింది, ఓటార్డ్ అంటారు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళకి కూడా తమ ఒక్కరికే చెందిన బాల్కనీలో ఈ హక్కు ఉంటుంది, అందరూ వాడుకునే పైకప్పు మీద ఉండదు. మా హెచ్‌ఓఏకి నేనే ముందుగా ఒక ఈమెయిల్ పెట్టి, ఫొటో జతచేశా. మాట రాలేదు.

బిగించేటప్పుడు నాన్న కింద నిలబడ్డారు. దూరదర్శన్ రోజుల్లో మా డాబా మీద యాంటెన్నా తిప్పింది ఆయనే కదా, "అమ్మా, ఇంకాస్త ఎడమకి, గాలికి కదలకుండా రెండో క్లాంపు కూడా వెయ్యి" అని చెబుతూనే ఉన్నారు. అప్పట్లో బొమ్మలో చుక్కలు చూసి తిప్పేవాళ్ళం. డిజిటల్‌లో చుక్కలుండవు, వస్తే అద్దంలా వస్తుంది, కొంచెం తగ్గితే గళ్ళుగళ్ళుగా పగిలి మొత్తం పోతుంది. అందుకని టీవీ చూస్తూ తిప్పడం కుదరదు, ఫోన్‌లో ట్యూనర్ చూపించే అంకెలు చూసి తిప్పాలి. మూడు కనిపిస్తాయి: సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత, సింబల్ నాణ్యత. మూడోది 100 దగ్గర కదలకుండా నిలవాలి, అది జారిందంటే బొమ్మ పగులుతుంది. మొదటిది 70లో ఉన్నా ఫరవాలేదు. ఫాక్స్‌కి అన్నీ తేలిగ్గా వచ్చాయి. ఏబీసీ మాత్రం పగలంతా 100 చూపించి, రాత్రి దీపాలు వేసే వేళకి కిందా మీదా పడింది.

దీపాలే కారణం. చవకరకం ఎల్ఈడీ బల్బుల్లో, ఫోన్ చార్జర్లలో ఉండే చిన్న సర్క్యూట్లు వీహెచ్ఎఫ్ మీద రొద పుట్టిస్తాయి. యూహెచ్ఎఫ్‌కి ఆ రొద పెద్దగా తగలదు. ఒక్కో స్విచ్చి ఆపుతూ అంకెలు చూస్తే, గరాజ్‌లో ఉన్న బల్బులు, వెనక వరండాలో ఉన్న రెండు బల్బులు ఆపగానే నాణ్యత అంకె లేచింది. వాటిని మార్చేశాం, యాంటెన్నా నుంచి వచ్చే కోయాక్స్‌ని కరెంటు వైర్లకి దూరంగా తిప్పాం. అప్పట్నుంచి 8వ చానల్ రాత్రిపూట కూడా నిలబడింది. మీ ఇంట్లో ఒక్క వీహెచ్ఎఫ్ చానలే సాయంత్రాలు ఆడకపోతే, యాంటెన్నా మార్చేముందు బల్బులు చూడండి.

ఎర్తింగ్ వదలొద్దు. బయటి యాంటెన్నా కడ్డీకి, లోపలికొచ్చే కోయాక్స్‌కి రెండిటికీ రాగి తీగతో ఇంటి మెయిన్ ఎర్త్‌కి కలపాలి. ఆ ఒక్క పనికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఉత్తర టెక్సస్‌లో ఉరుములు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆగస్టు 30

ఒహాయో స్టేట్ మ్యాచ్, మన టైము పొద్దున 11, ఫాక్స్. రెండు టీవీల్లోనూ ఒక్క గడి కూడా పగల్లేదు. 14-7తో టెక్సస్ ఓడింది, అది వేరే బాధ.

ఇదే నెల 21న ఒకే రోజు రెండు కొత్త యాప్‌లు వచ్చాయి. ఈఎస్పీఎన్ తన చానళ్ళన్నీ కేబుల్ లేకుండా నెలకి 29.99కి ఇస్తోంది, అన్‌లిమిటెడ్ అని పేరు. ఫాక్స్ వన్ నెలకి 19.99. ఈ మార్పు చిన్నదేం కాదు. ఇన్నాళ్ళూ ఎస్ఈసీ నెట్‌వర్క్ కావాలంటే ఏదో ఒక పెద్ద ప్యాకేజీ కట్టాల్సిందే, ఇప్పుడు విడిగా దొరుకుతోంది. ఫాక్స్ వన్ మాకు అక్కర్లేదు, ఫాక్స్ గాల్లోంచే వస్తోంది కదా. ఫాక్స్ వాళ్ళ స్పోర్ట్స్ చానల్ ఎఫ్ఎస్1, బిగ్ టెన్ నెట్‌వర్క్ కావలసిన జట్టయితే ఆలోచించొచ్చు.

సెప్టెంబర్ 6 నుంచి 20

6న శాన్ హోసే స్టేట్, ఏబీసీ, యాంటెన్నా. ఖర్చు లేదు. 13న యూటెప్ మ్యాచ్ ఎస్ఈసీ నెట్‌వర్క్‌లో, 20న శామ్ హ్యూస్టన్ మ్యాచ్ ఏ టీవీ చానల్లోనూ లేదు, యాప్‌లో మాత్రమే. కాబట్టి ఈఎస్పీఎన్ అన్‌లిమిటెడ్‌ని 13వ తేదీ పొద్దున్నే మొదలుపెట్టా. తేదీకి కారణం ఉంది: 13న మొదలైతే అక్టోబర్ 12 దాకా నడుస్తుంది, అక్టోబర్ 4న ఫ్లోరిడా మ్యాచ్ ఈఎస్పీఎన్‌లో పడినా అందులోకే వస్తుంది. పడింది కూడా.

ఇలాంటి యాప్ మ్యాచ్‌లు వెతకడం కొత్తవాళ్ళకి కాస్త తికమక. శామ్ హ్యూస్టన్ మ్యాచ్ వచ్చిన ఎస్ఈసీ నెట్‌వర్క్ ప్లస్ అనేది చానల్ కాదు, చానళ్ళ వరసలో ఎంత వెతికినా కనబడదు. యాప్‌లో టెక్సస్‌ని ఇష్టమైన జట్టుగా పెట్టుకుంటే ఆ రోజు మ్యాచ్ ముందుకి వస్తుంది. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ ఇవన్నీ కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతాయి, యూటీ అమ్మాయిల వాలీబాల్ అంటే 2022, 2023 వరసగా జాతీయ చాంపియన్లు, మా చిన్నమ్మాయి ఫుట్‌బాల్ కన్నా దాన్నే ఎక్కువ చూస్తోంది.

20వ తేదీ రాత్రి తెలిసిన సంగతి: పెద్దది స్టేడియంలో ఉంది, లక్ష మంది మధ్యలోంచి ఫ్యామిలీ గ్రూపులో "టచ్‌డౌన్!!!" అని పెడుతోంది, మా టీవీలో ఇంకా బంతి విసరనే లేదు. స్ట్రీమింగ్‌లో వచ్చే బొమ్మ మైదానానికి అరనిమిషం అటూ ఇటూగా వెనకుంటుంది, వీడియోని ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు ముందే నింపుకుని ఆడిస్తుంది కాబట్టి. యాంటెన్నాలో ఆ ఆలస్యం చాలా తక్కువ. స్టిక్‌ని వైఫై నుంచి తీసి ఈథర్‌నెట్ అడాప్టర్‌కి పెట్టాను, బొమ్మ మసకబారడం తగ్గింది గానీ ఆలస్యం తగ్గలేదు, అది సర్వీసులోనే ఉంటుంది. స్ట్రీమింగ్ మ్యాచ్‌లప్పుడు ఫోన్లన్నీ బోర్లించి పెట్టడమే మార్గం.

అక్టోబర్

11న ఓక్లహోమాతో మ్యాచ్, డాలస్‌లోనే, స్టేట్ ఫెయిర్ జరిగే ఫెయిర్ పార్క్‌లో కాటన్ బౌల్ స్టేడియంలో. ఏబీసీ. 23-6తో గెలిచాం. ఇంటికి నాలుగు కుటుంబాలు వచ్చాయి, పులిహోర, మిరపకాయ బజ్జీ, నాన్నకి ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో మా ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది: నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకి వెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగిస్తారు. అక్కణ్ణించి ఆయన ఒక్క ఆట కూడా వదల్లేదు.

18న కెంటకీ మ్యాచ్ ఈఎస్పీఎన్, 25న మిసిసిపీ స్టేట్ ఎస్ఈసీ నెట్‌వర్క్. ఒక్క మ్యాచే అయితే స్లింగ్ అనే స్ట్రీమింగ్ సర్వీసు డే పాస్ 4.99కి ఒక రోజు ఈఎస్పీఎన్ ఇస్తుంది, అది చాలు. రెండో దానికి ఎస్ఈసీ నెట్‌వర్క్ కావాలి, మామూలు డే పాస్‌లో అది రాదు. కాబట్టి రెండో నెల కూడా అన్‌లిమిటెడ్‌నే కొనసాగించా. ఆ రెండూ ఓవర్‌టైమ్‌కి వెళ్ళాయి, మిసిసిపీ స్టేట్ మీద నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి కూడా 45-38తో గెలిచారు. ఆ 30 డాలర్లకి నాకు ఏ మాత్రం బాధ లేదు.

నవంబర్ 1

ఈ రోజు కోసమే యాంటెన్నా పెట్టుకున్నట్టయింది. డిస్నీ, యూట్యూబ్ టీవీల మధ్య బేరం కుదరక అక్టోబర్ 30 రాత్రి నుంచి ఏబీసీ, ఈఎస్పీఎన్ చానళ్ళు ఆ ప్యాకేజీలోంచి పోయాయి, మళ్ళీ నవంబర్ 14న గానీ రాలేదు. ఇలాంటివి ఏ ప్యాకేజీకైనా వస్తుంటాయి, కేబుల్‌కీ శాటిలైట్‌కీ కూడా. పొద్దున 11కి వాండర్‌బిల్ట్ మ్యాచ్ ఏబీసీలో. పక్కవీధి వాళ్ళు ఇడ్లీ డబ్బాతో సహా మా ఇంటికి వచ్చేశారు. గాల్లో వచ్చే సిగ్నల్‌కి ఈ కంపెనీల బేరంతో పని లేదు, సీడర్ హిల్ టవర్ నడుస్తున్నంత సేపు చానల్ వస్తుంది. 34-10 ఆధిక్యం కాస్తా నాలుగో క్వార్టర్‌లో కరిగి 34-31కి దిగింది, స్టేడియంలోంచి పెద్దదాని మెసేజ్ వచ్చేసరికి మేం కూడా అప్పటికే అరుస్తున్నాం.

మ్యాచ్ అయ్యాక ఆ ఇంటాయన నాతో పాటు వెనకవైపుకి వచ్చి చూరు కింద అంతా ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళది అద్దె టౌన్‌హౌస్, దక్షిణం వైపు సొంత బాల్కనీ ఉంది, సరిపోతుంది.

నవంబర్ 12 నుంచి డిసెంబర్ 31

నవంబర్‌లో మిగిలిన మూడు మ్యాచ్‌లూ, 15న జార్జియా, 22న ఆర్కన్సా, 28న ఏ అండ్ ఎమ్, అన్నీ ఏబీసీ. కాబట్టి 12న రెండో నెల అయిపోగానే అన్‌లిమిటెడ్ ఆపేశా. ఆపమని చెప్పినా గడువు రోజు దాకా నడుస్తుంది కాబట్టి, కట్టిన రోజే రద్దు నొక్కేసి, క్యాలెండర్‌లో రాసుకోవడం మంచి పద్ధతి. జార్జియా చేతిలో 35-10, అది ఎలా వచ్చిందో అలా పోనివ్వాలి. ఏ అండ్ ఎమ్ మీద 27-17. థాంక్స్‌గివింగ్ మర్నాడు రాత్రి, ఇంటినిండా చుట్టాలు, కింద హాల్లో, పైన గదిలో రెండు టీవీలూ ఒకే ట్యూనర్ మీద నడిచాయి.

లెక్క ఇది. 12 మ్యాచ్‌ల్లో 7 యాంటెన్నా మీద, 5 స్ట్రీమింగ్‌లో. స్ట్రీమింగ్‌కి కట్టింది రెండు నెలల ఈఎస్పీఎన్, పన్ను కాకుండా 60 డాలర్లు. యాంటెన్నా, ట్యూనర్, కోయాక్స్, క్లాంపులు కలిపి 250 డాలర్ల లోపు అయ్యాయి, ఎలక్ట్రీషియన్ కూలి వేరే. వచ్చే ఏడాది ఆ ఖర్చు ఉండదు. డిసెంబర్ 31న మిషిగన్‌తో సిట్రస్ బౌల్ కూడా ఏబీసీలోనే, 41-27.

జనవరి 2026

ఇప్పుడు వంతు మా ఆయనది. విచిటా స్టేట్ ఆడేది అమెరికన్ కాన్ఫరెన్స్‌లో, వాళ్ళ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు చాలావరకు ఈఎస్పీఎన్ ప్లస్‌లో వస్తాయి, ఇప్పుడు దాన్ని సెలెక్ట్ అంటున్నారు. 30 డాలర్ల ప్లాన్ అవసరం లేదు, చిన్న ప్లాన్ 13 డాలర్ల లోపే, రెండు నెలలకి కడుతున్నా.

మార్చికి ఇంకో లెక్క ఉంది. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌లో 68 జట్లు, 67 మ్యాచ్‌లు, సీబీఎస్‌తో పాటు టీబీఎస్, టీఎన్‌టీ, ట్రూటీవీల్లో పంచి వేస్తారు. ఫైనల్ ఒక ఏడాది సీబీఎస్, ఇంకో ఏడాది టీబీఎస్. సరి సంఖ్య ఏడాదిలో టీబీఎస్ వంతు, అంటే 2026 ఫైనల్ యాంటెన్నాలో రాదు. దానికి స్లింగ్ డే పాస్ చాలు, వాళ్ళ ఆరెంజ్ అనే ప్లాన్‌లో టీబీఎస్ ఉంది. అమ్మాయిల ఫైనల్ 2023 నుంచి ఏబీసీలో వస్తోంది, అది చూరు కింద కడ్డీ చూసుకుంటుంది. ఈలోపు చెయ్యాల్సిన పని ఒకటే మిగిలింది, వసంతం గాలివానలు మొదలయ్యేలోపు పైకెక్కి క్లాంపు బోల్టులు మళ్ళీ బిగించి, కోయాక్స్ కనెక్టర్ మీద నీళ్ళు దిగకుండా రబ్బరు టోపీ మార్చాలి.